మాటకు సరైన అర్థం అంటూ ఉంటుందా?

ఈ సంచికకు వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పదానికి ‘అసలు అర్థం’ ఒకటి ఉంటుందా, నలుగురూ అనుకున్నదే అర్థమా? వ్యాకరణ సందేహాలను వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే చోటిచ్చాం.

ప్రశ్న: సంస్కృతంలో ‘శిక్ష’ అంటే చదువు, అభ్యాసం. హిందీవాళ్లు ఇప్పటికీ విద్యాశాఖ మంత్రిని ‘శిక్షా మంత్రి’ అంటారు. మనం మాత్రం శిక్ష అంటే జైలు, జరిమానా అంటున్నాం. ఇది తప్పు వాడుకే కదా? పిల్లలకు ఏ అర్థం చెప్పాలి?
— తెలుగు ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: తప్పు కాదండీ. తెలుగులో శిక్ష అంటే దండనే. పిల్లలకు ముందు అదే చెప్పండి. మరాఠీలోనూ అంతే. చదువుకు సంబంధించిన అర్థం మన భాషలో పూర్తిగా పోలేదు కూడా, ‘శిక్షణ’లో నిలిచే ఉంది.

పుట్టినచోట ఉన్న అర్థమే సరైనదనే నియమాన్ని గట్టిగా పట్టుకుంటే మనకు మాట్లాడడానికి మాటలు మిగలవు. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి. తైలం వచ్చింది ‘తిల’ నుంచి, అంటే అదీ నువ్వులదే. అప్పుడు కొబ్బరినూనె, వేపనూనె రెండూ తప్పుమాటలవుతాయి. ప్రవీణుడు వీణ బాగా వాయించేవాడు, కుశలుడు చెయ్యి తెగకుండా దర్భలు కోసుకొచ్చేవాడు అని కావ్యశాస్త్రం రాసిన అలంకారికులు వ్యుత్పత్తి చెప్పారు. చెప్పి అక్కడే ఆగలేదు. ఈ పుట్టుక అర్థాలను వాడుక ఎప్పుడో దాటేసిందని, ఇప్పుడు రెండు మాటలకూ నేర్పరి అనే అర్థమే రూఢి, అంటే వాడుకలో స్థిరపడినది అనీ తేల్చారు. పంకజం కథ ఇంకొంచెం వేరు. బురదలో పుట్టేవి కప్పలూ నాచూ ఎన్నో ఉన్నా ఆ పేరు తామరకే చెందింది. పుట్టుక అర్థం, రూఢి రెండూ కలిసి నిలిచాయి కాబట్టి దాన్ని యోగరూఢి అన్నారు.

నిజమైన తప్పు ఒక భాష అర్థాన్నో ఒక కాలం అర్థాన్నో మరొకదానికి మోసుకెళ్లినప్పుడు జరుగుతుంది. పాత కావ్యాల్లో ‘కంపు’ అంటే సువాసన కూడా. ‘చీర’ అంటే మగవాళ్లు కట్టే బట్ట కూడా. పిల్లవాడు ఈనాటి అర్థంతో పద్యం చదివితే పూలతోట మురికికాలువ అవుతుంది, పద్యంలోని వీరుడు చీర కట్టుకుంటాడు. హిందీ నుంచి అనువదించేటప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అక్కడ ఉపన్యాస్ అంటే నవల, అవకాశ్ అంటే సెలవు, ఆగ్రహ్ అంటే పట్టుబట్టి కోరడం, ఉద్యోగ్ అంటే పరిశ్రమ, ప్రసంగ్ అంటే సందర్భం. ‘లఘు ఉద్యోగ్’ను ‘చిన్న ఉద్యోగం’ అని రాస్తే వాక్యం తెలుగులో చక్కగానే కనబడుతుంది, అందుకే పొరపాటు ఎవరి కంటా పడదు.

తరగతిలో ఒక పని చేయండి. ‘అసలు అర్థం’ అనే మాట వాడడం మానేసి, బోర్డు మీద ‘సంస్కృతంలో’, ‘హిందీలో’, ‘పాత తెలుగులో’, ‘నేటి తెలుగులో’ అని నాలుగు గళ్లు గీయండి. శిక్ష, కల్యాణం, అనుమానం, మృగం, ఈ నాలుగు మాటలు చాలు. గళ్లు నింపుతుంటే ఏ అర్థానికి ఆ ఇల్లు ఉందని పిల్లలకే తెలిసిపోతుంది.

ప్రశ్న: శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధం నిత్యమని మీమాంసకులు, సంకేతమని నైయాయికులు వాదించుకున్నారని పాఠంలో ఉంది. చివరికి ఎవరి మాట సరైనది?
— డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: మీమాంసకులు వేదవాక్యాల అర్థం తేల్చే పండితులు, నైయాయికులు తర్కశాస్త్ర పండితులు. ముందు ఇద్దరి వాదాలనూ వాళ్ల మాటల్లోనే చూద్దాం.

మీమాంసకుల మూలపురుషుడు జైమిని సూత్రం ‘ఔత్పత్తికస్తు శబ్దస్యార్థేన సంబంధః’. శబ్దార్థాల బంధం సహజమైనది, ఎవరూ చేసింది కాదు అని దాని తాత్పర్యం. వేదానికి కర్త లేడని నిలబెట్టాలంటే అందులోని మాటలకు అర్థం పెట్టినవాడు కూడా ఉండకూడదు. జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి ఇక్కడ రెండు బలమైన ప్రశ్నలు వేశాడు. ఈ సంబంధాన్ని ఏర్పాటు చేసినవాడు ఎవరైనా ఉంటే లోకానికి జ్ఞాపకం ఎందుకు లేడు? ‘దీన్ని ఆవు అందాం’ అని మొదటి ఒప్పందం చేసుకోవడానికి అప్పటికే అర్థాలు తెలిసిన మాటలు కొన్ని కావాలి కదా, అవి ఎక్కడివి?

నైయాయికుల న్యాయసూత్రాలు నేల మీద నిలబడి జవాబిచ్చాయి. శబ్దానికీ వస్తువుకూ సహజ సంబంధమే ఉంటే ‘అన్నం’ అన్నప్పుడు నోరు నిండాలి, ‘అగ్ని’ అన్నప్పుడు కాలాలి, ‘అసి’ (కత్తి) అన్నప్పుడు తెగాలి. అలా జరగడం లేదు. అర్థం తెలియడానికి కారణం సమయం, అంటే ఒప్పందం. పైగా ‘జాతివిశేషే చానియమాత్’: ఒక్కో జనసమూహంలో ఒకే మాటకు ఒక్కో అర్థం కనబడుతోంది. అగ్ని వేడి మాత్రం దేశాన్నిబట్టి మారదు.

మొదటి ఒప్పందం ఎవరు చేశారన్న చిక్కుకు నైయాయికులు ఈశ్వరుణ్ణి తెచ్చారు. తెలుగువాడిగా పేరున్న అన్నంభట్టు తర్కసంగ్రహంలో ‘ఈ పదం వల్ల ఈ అర్థం తెలియాలి అనే ఈశ్వర సంకేతమే శక్తి’ అన్నాడు. మరి బారసాలలో పెట్టే పేరు మాటేమిటి? పదకొండో రోజున తండ్రి పేరు పెట్టాలని విధి ఉంది కాబట్టి అదీ ఈశ్వరేచ్ఛ కిందికే వస్తుందన్నారు. తర్వాతి తరం నైయాయికులైన నవ్యులు ఆ మెలిక కూడా విప్పేసి, ఇచ్ఛ చాలు, అది మనిషిదైనా సరే అన్నారు.

వైయాకరణులది, అంటే వ్యాకరణ పండితులది, మూడో దారి. పతంజలి మహాభాష్యం మొదట్లోనే ఉంది: కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి వెళ్లి ‘కుండ చేసిపెట్టు, వాడుకుంటాను’ అంటాడు, మాటలు కావలసినవాడు వైయాకరణుడి ఇంటికి వెళ్లి ‘మాటలు చేసిపెట్టు’ అనడు. మాటలు లోకంలో ముందే ఉన్నాయి. ఆయన దేశభేదాన్నీ దాచలేదు. ‘శవతి’ని వెళ్లడం అనే అర్థంలో కాంభోజులే వాడతారని, ఆర్యులకు దాని నుంచి వచ్చిన ‘శవం’ మాత్రమే తెలుసనీ రాశాడు. ఆవును గౌః అన్నా, జనం నోట్లోని గావీ, గోణీ అన్నా అర్థం తెలుస్తుందని కూడా ఒప్పుకున్నాడు. సాధుశబ్దమే (వ్యాకరణం ఒప్పుకున్న మాటే) వాడాలన్న నియమం ధర్మం కోసమన్నాడు, అర్థం తెలియడం కోసమని అనలేదు.

ఇక మా అభిప్రాయం. సంబంధం పుట్టుక విషయంలో నైయాయికులదే సరైన మాట. పాముకు ఆ పేరే ఎందుకు రావాలో పాములో ఏ కారణమూ లేదు. కానీ సంకేతం అనగానే ‘అయితే ఎవరిష్టం వారిది’ అనుకోవడం దుడుకుతనం. ఏ ఒక్కడూ చేయలేనిది, ఏ ఒక్కడూ మార్చలేనిది అన్న మీమాంసకుల పరిశీలన అక్షరాలా నిజం. మీరు ఇవాళ్టి నుంచి కుర్చీని బల్ల అనుకోవచ్చు, కానీ బల్ల మీద కూర్చోమంటే వచ్చిన చుట్టం బల్ల మీదే కూర్చుంటాడు. ఒప్పందం ఒకసారి నిలిచాక దాని లోపల తప్పూ ఒప్పూ గట్టిగానే ఉంటాయి.

నిత్యవాదులైన మీమాంసకులు కూడా పనిలోకి దిగేసరికి వాడుకనే ఆశ్రయించారు. వైదిక వాక్యాల్లో పిక, నేమ, తామరస లాంటి మాటలు వస్తాయి. ఆర్యుల వాడుకలో అవి లేవు, మ్లేచ్ఛులు అనబడ్డవారి వాడుకలో ఉన్నాయి. ధాతువులు పట్టుకుని సొంతంగా అర్థం లాగాలా, ఆ జనం చెప్పేది తీసుకోవాలా? ఆ జనం చెప్పేదే తీసుకోవాలని తీర్పు. కోకిల, సగం, తామర అనే అర్థాలు అలా ఖాయమయ్యాయి.

ఇక్కడే మీమాంసకుడైన కుమారిలభట్టు తన తంత్రవార్తికంలో మన దక్షిణాది భాష నుంచి ఉదాహరణలు ఇస్తాడు. ద్రావిడ భాషలో హల్లుతో ముగిసే మాట వినగానే ఉత్తరాది పండితులు చివర ఒక అచ్చు తగిలించి సంస్కృతం చేసేస్తారట. అన్నాన్ని ‘చోర్’ అంటే దాన్ని ‘చోర’ చేసేస్తారు. పామును ‘పాప్’ అంటే ‘పాప’ అనుకుని, ‘నిజమే, అది పాపిష్ఠిదే’ అంటారు. పొట్టను ‘వైర్’ అంటే ‘వైరి’ చేసి, ‘ఆకలేసినవాడిచేత చేయరాని పనులు చేయిస్తుంది, శత్రువే మరి’ అని సమర్థిస్తారు. తమిళం తెలిసినవారికి చోరు, పాంబు, వయిరు వెంటనే తగులుతాయి. మన పాము కూడా అక్కడే ఉంది. పక్కనున్న ద్రావిడ భాషతోనే ఇంత ఆటలాడితే పారసీక, యవన, రోమక భాషల మాటలను ఏం చేస్తారో అని ఆయన ముగించాడు. ప్రతి ఊరి పేరుకూ సంస్కృత వ్యుత్పత్తి కట్టే అలవాటున్నవారు ఈ పేజీని తప్పక చదవాలి.

గ్రీసులో ప్లేటో కూడా ఇదే తగవును ఒక సంభాషణగా రాశాడు. పేర్లు సహజమని ఒకరు, ఒప్పందమని ఒకరు వాదిస్తారు. సోక్రటీసు ఇద్దరినీ ఇరుకున పెడతాడు. పరీక్షకు రాసేటప్పుడు పోలిక కోసం ఒక్క వాక్యం చాలు.

ప్రశ్న: మా ఇంట్లో ‘అప్ప’ అంటే నాన్న. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా కోడలు వాళ్ల అక్కను ‘అప్ప’ అంటుంది. ఇందులో సరైనది ఏదమ్మా?
— గృహిణి, అనంతపురం

జవాబు: రెండూనమ్మా. ఉత్తరాంధ్రలో అప్ప అంటే అక్క. మీ వైపు, పక్కనున్న కన్నడ దేశంలో నాన్న. ఎవరి వరస వారికి నిక్కచ్చిగా ఉంది, ఏ ఇంట్లోనూ గందరగోళం లేదు. గందరగోళం రెండు ఇళ్లు కలిసినచోటే వస్తుంది. ‘అప్పకు ఒంట్లో బాగాలేదు’ అని ఫోనులో వింటే ఎవరికని ఒకసారి అడగండి. సంతలోనూ ఇదే జాగ్రత్త. తెలంగాణలో అంగడి అంటే వారపు సంత, రాయలసీమలో దుకాణం. మీ దగ్గర అనపకాయ గింజలు ఒలిచే చిక్కుడు జాతిది, ఆనపకాయ అని దీర్ఘం తీస్తే చాలాచోట్ల సొరకాయ చేతిలో పెడతారు.

ప్రశ్న: వాడుకే ప్రమాణమైతే, అందరూ కలిసి తప్పుగా వాడితే తప్పు ఒప్పయిపోతుందా? వృక్షశాస్త్రం, నిఘంటువులు ఎందుకిక?
— విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

జవాబు: వాడుక అంటే ఎవరి వాడుక, ఏ పనికోసం అన్నది ముందు తేలాలి. దీన్ని మన సుప్రీంకోర్టు 1961లో తమలపాకుల మీద తేల్చింది. అప్పటి మధ్య పరగణాలు, బేరారు అమ్మకపు పన్ను చట్టంలో కూరగాయలకు మినహాయింపు ఉంది. తమలపాకు మొక్క నుంచి వచ్చేదే కాబట్టి అదీ కూరగాయేనని వ్యాపారి వాదన. శాస్త్రం ప్రకారమో నిఘంటువు ప్రకారమో చూస్తే ఎంత దూరమైనా సాగదీయవచ్చు. కోర్టు ఒప్పుకోలేదు. చట్టంలో నిర్వచనం లేని నిత్యవ్యవహారపు మాటకు మామూలు జనం అనుకునే అర్థమే తీసుకోవాలి, కూరగాయలంటే పెరట్లోనో పొలంలోనో పండించి భోజనంలోకి వాడుకునేవి, తమలపాకులు అందులోకి రావు అని తీర్పిచ్చింది. 1967లో ఇదే సూత్రంతో కట్టెబొగ్గు కూడా బొగ్గేనంది.

చట్టం చదివేటప్పుడు వరస ఇది. ముందు ఆ చట్టంలోనే నిర్వచనం ఉందేమో చూడాలి. ఉంటే అదే, లోకం ఏమనుకున్నా సరే. లేకపోతే ఆ వస్తువును కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఏమంటారో చూడాలి. ఒక వృత్తికోసమే రాసిన నిబంధన అయితే ఆ వృత్తి అర్థం. వరస తలకిందులైతే కేసు పోతుంది.

మీ ప్రశ్నలో మరో సంగతి కూడా ఉంది. మాట అర్థం వాడుకతో మారుతుంది, వస్తువు మారదు. అందరూ తిమింగలాన్ని చేప అన్నంత మాత్రాన దానికి మొప్పలు రావు. అది ఊపిరితిత్తులతో గాలి పీలుస్తూ పిల్లలకు పాలిస్తూనే ఉంటుంది. నీటిలో ఈదే పెద్ద జీవులన్నిటికీ చేప అనే మాట వాడే భాష ఉండవచ్చు, అది ఆ భాష హక్కు. ఆ మాట పట్టుకుని ‘కాబట్టి మొప్పలుంటాయి’ అంటే మాత్రం తప్పు.

ప్రశ్న: సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం అని సైన్సు సార్ చెప్పారు. గుడిలో మాత్రం ఇద్దరూ నవగ్రహాల్లో ఉన్నారు. ఏది తప్పు?
— పదో తరగతి విద్యార్థి, సిద్దిపేట

జవాబు: ఏదీ తప్పు కాదు బాబూ, రెండు చోట్లా ‘గ్రహం’ ఒకటే మాట కాని ఒకటే అర్థం కాదు. జ్యోతిషంలో లెక్క భూమి మీద నిలబడి పైకి చూసేవాడిది. కదలకుండా కనిపించే చుక్కల మధ్య చోటు మారుతూ పోయేవి సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. చూసేవాడు భూమి మీదే ఉన్నాడు కాబట్టి భూమి ఆ పట్టికలో లేదు. రాహుకేతువులు వస్తువులే కావు. చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీల వాలుగా ఉంటుంది, ఆ రెండు దారులు ఖండించుకునే రెండు బిందువులు అవి. గ్రహణాలు వాటి దగ్గరే పడతాయి.

సైన్సు పుస్తకంలోని గ్రహానికి 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం మూడు షరతులు పెట్టింది: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత బరువుతో గుండ్రబడి ఉండాలి, తన దారిలో ఇతర వస్తువులు మిగలకుండా చేసుకుని ఉండాలి. మూడోది కుదరక ప్లూటో మరుగుజ్జు గ్రహమైంది. ఆ రోజు ప్లూటోలో చిన్న రాయి కూడా కదల్లేదు, మారింది మాట హద్దు. పరీక్షలో ఏ పుస్తకం ప్రశ్నో చూసుకుని జవాబు రాయి. రెండు పట్టికలను కలిపి ‘సైన్సులో కూడా తొమ్మిది గ్రహాలే’ అని రాస్తే మార్కులు పోతాయి. ఇప్పుడు అవి ఎనిమిది.

ప్రశ్న: పాత దావా కాగితం అనువదిస్తున్నాను. అందులో ‘ఉభయులూ రాజీనామా దాఖలు చేసినందున’ అని ఉంది. ఉద్యోగం మానుకోవడం ఇక్కడ అతకడం లేదు. ఇలాంటి మాటల అర్థం తేల్చుకోవడానికి పద్ధతి ఏదైనా ఉందా?
— అనువాదకురాలు, హైదరాబాద్

జవాబు: మీకు అతకలేదంటే మీ చెవి సరిగానే పనిచేసింది. ఇక్కడ రాజీనామా అంటే రాజీ పత్రం, ఇద్దరూ సమాధానపడి కోర్టులో పెట్టుకున్న కాగితం. ఉర్దూలో ఆ అర్థం నేటికీ ఉంది.

పద్ధతి మన తార్కికులు ఎప్పుడో ఇచ్చారు. అర్థం తెలుసుకోవడానికి ఎనిమిది దారులు చెప్పారు: వ్యాకరణం, ఉపమానం (పోలిక), కోశం (నిఘంటువు), ఆప్తవాక్యం (నమ్మదగినవారి మాట), వ్యవహారం (వాడుక), వాక్యశేషం, వివరణ, తెలిసిన పదం పక్కన ఉండడం. ఎనిమిదీ ఒకే బలం ఉన్నవి కావు. పాత కాగితాల పనిలో మేం సూచించే వరస ఇది.

మొదట పక్క మాటలు చూడండి. ‘మామిడిచెట్టు మీద పికం తియ్యగా కూస్తోంది’ అంటే పికం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మీ వాక్యంలో ‘ఉభయులూ’, ‘దాఖలు’ అనే రెండు మాటలే సగం పని చేశాయి. తర్వాత వాక్యశేషం, అంటే కాగితంలో మిగతా భాగం. ‘యవ’ అంటే బార్లీయా కొర్రలా అన్న వివాదాన్ని మీమాంసకులు ఇలాగే తీర్చారు. మిగతా పైర్లు వాడిపోయినప్పుడు ఇవి కళకళలాడతాయని అదే ప్రకరణంలో ఉంది, అది బార్లీకే సరిపోయింది. మీ కాగితం చివర దావా కొట్టేశారా, ఖర్చులు ఎవరివి వారే భరించాలన్నారా అన్నది చూస్తే రూఢి అవుతుంది.

అప్పుడు వ్యవహారం. పెద్దవాడు ‘ఆవును తీసుకురా’ అంటే పనివాడు తెచ్చాడు. ‘ఆవును కట్టు, గుర్రాన్ని తీసుకురా’ అన్నప్పుడు వేరే పని చేశాడు. పక్కన చూస్తున్న పిల్లవాడు ఏ మాట తీస్తే ఏ పని మారిందో గమనించి అర్థాలు విడదీసుకుంటాడు. దీన్నే ఆవాపోద్వాపాలు అన్నారు. అదే కోర్టువి, అదే కాలంవి ఇంకో పది కాగితాలు తెచ్చి, రాజీనామా వచ్చిన ప్రతిచోటా రెండు అర్థాలనూ పెట్టి చదవండి. అన్నిచోట్లా నిలిచేదే తీసుకోండి.

కోశం నాలుగోది. 19వ శతాబ్దపు కచేరీ (కోర్టులు, సర్కారు కార్యాలయాల) మాటలకు బ్రౌన్ నిఘంటువు ముందు చూడండి. శబ్దరత్నాకరం (1885), సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యభాషకు ఎక్కువ చోటిచ్చాయి, కచేరీ మాట వాటిలో దొరకలేదని లేదనుకోకూడదు. వ్యవసాయం, చేనేత మాటలైతే భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో, 1971లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాలు చూడాలి, ఏ జిల్లాలో ఏ మాటో అందులో ఉంటుంది. వ్యుత్పత్తిని ఆఖరున పెట్టుకోండి. రాజీ, నామా అని విడదీస్తే ‘ఒప్పుకోలు కాగితం’ అని తేలుతుంది, దేనికి ఒప్పుకున్నారో తేలదు. చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెట్టి దెబ్బతింటారు.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. తెలంగాణలో పొలం కొనబోతున్నాం. కాగితంలో విస్తీర్ణం ‘2-20’ అని ఉంది. మా లెక్క ప్రకారం రెండెకరాల ఇరవై సెంట్లు. అమ్మేవారు రెండున్నర ఎకరాలు అంటున్నారు. ఎవరిది సరి?
— రైతు, తెనాలి

జవాబు: అమ్మేవారిదే సరి, ఎందుకంటే కాగితం అక్కడిది. ఎకరం రెండుచోట్లా 4,840 చదరపు గజాలే. ఆంధ్రలో దాన్ని 100 సెంట్లు చేస్తారు, సెంటు 48.4 గజాలు. తెలంగాణలో 40 గుంటలు చేస్తారు, గుంట 121 గజాలు, అంటే రెండున్నర సెంట్లు. అక్కడ ‘2-20’ అంటే 2 ఎకరాల 20 గుంటలు, సరిగ్గా రెండున్నర ఎకరాలు. మీరు చదివినట్టు చదివితే 30 సెంట్లు, అంటే 1,452 గజాలు లెక్కలోంచి జారిపోతాయి. ఎకరం ధర కాకుండా మొత్తం ధర మాట్లాడుకుంటే ఈ తేడా ఎవరికీ కనబడదు.

ఇంటి స్థలమైతే అంకణంతో ఇంకా జాగ్రత్త. ఒకచోట అది 72 చదరపు అడుగులు, మరోచోట 36. నూరు అంకణాలంటే ఒక లెక్కన 800 గజాలు, ఇంకో లెక్కన 400. ఒప్పంద పత్రంలో స్థానిక కొలత పక్కనే చదరపు గజాల్లోనో మీటర్లలోనో అంకె రాయించండి. నాలుగు హద్దుల పొడవులు విడిగా వేయించి, బయానా ఇచ్చేలోపే సర్వేయరుతో కొలిపించండి.